పూర్వజన్మ వాసనలు

2022 ఉగాది మా ఇంట్లో మామూలుగానే మొదలైంది. బయట ఇంకా అక్కడక్కడా మంచు కరగలేదు. వేపపువ్వు అమ్మ ఇండియా నుంచి పొట్లం కట్టి తెచ్చిన ఎండు పువ్వు. మామిడికాయ ఇండియన్ స్టోర్లో దొరికింది. మా ఆవిడ పచ్చడి కలిపి ముందుగా అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ నాలిక మీద వేసుకుని, కాసేపు ఆలోచించి, "పులుపు తెలుస్తోంది గానీ, ఇది మామిడికాయ పులుపో చింతపండు పులుపో తెలియడం లేదే అమ్మాయ్" అంది.

మా ఆవిడ మొహం చిన్నబోయింది. అప్పటికి అమ్మ మా దగ్గరికి వచ్చి రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఇలాంటివి చాలా అయ్యాయి. చారులో ఇంగువ వేయలేదా అని ఒకరోజు, ఈ దేశం నెయ్యికి వాసనే లేదని మరొక రోజు, "మీ కాఫీ కాలిన రబ్బరులా ఉందిరా" అని ఇంకొక రోజు. అత్తగారు తన వంటకి వంకలు పెడుతోందని మా ఆవిడా, పెద్దతనంతో చాదస్తం పెరిగిందని నేనూ అనుకున్నాం.

నేను గుండె డాక్టర్ని. రోగి చెప్పే మాటల్లోంచి జబ్బుని వెతికి పట్టుకోవడం నా వృత్తి. కన్నతల్లి రెండు నెలలుగా చెబుతున్న మాటలో ఉన్న జబ్బు మాత్రం ఆ పచ్చడి దాకా నాకు వినపడలేదు.

భోజనాలయ్యాక అమ్మని కళ్లు మూసుకోమని కాఫీ పొడి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను. ఏదో మాడు వాసన అంది. కొత్తిమీర కట్ట పెట్టాను. ఏమీ లేదంది. అమృతాంజనం పెట్టాను. "ఘాటు తెలుస్తోంది, వాసన తెలియడం లేదు" అంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. 2021 వేసవిలో కోవిడ్ వచ్చినప్పుడు పోయిన వాసన పూర్తిగా తిరిగి రాలేదట. "ప్రాణాలే దక్కాయి, ముక్కుకి కూడా డాక్టరెందుకు?" అని ఎవరికీ చెప్పలేదట.

ఆ రాత్రి నుంచి ముక్కు గురించి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. అందులో కొంతైనా మన సంఘం కుటుంబాలతో పంచుకోవాలని ఈ వ్యాసం.

నాలిక వాటా ఎంత?

ఉగాది పచ్చడిలో ఆరు రుచులంటాం. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలికవి. కారం నిజానికి రుచి కాదు, మంట. వేడిని పసిగట్టే నరాలే కారాన్నీ పసిగడతాయని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వగరు చాలావరకు నోరు పట్టేసినట్టుండే స్పర్శ. మరి మామిడికాయని మామిడికాయగా, నెయ్యిని నెయ్యిగా గుర్తుపట్టేది ఎవరు? ముక్కు. మనం నములుతున్నప్పుడు ఆహారంలోని ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. ఆ వాసనని మనం పొరపాటున నాలిక ఖాతాలో జమ వేస్తాం. జలుబు చేసినప్పుడు అన్నం సయించకపోవడానికి కారణం ఇదే. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పులుపు నాలికది కనుక మిగిలింది. మామిడికాయ ముక్కుది కనుక పోయింది.

ముక్కు పైకప్పులో

ముక్కు రంధ్రాల్లో బాగా పైన, దాదాపు కళ్ల మధ్యకి వచ్చేచోట, కొద్ది చదరపు సెంటీమీటర్ల మేర ఒక పల్చని పొర ఉంటుంది. అందులో లక్షల సంఖ్యలో నాడీకణాలు. ప్రతి కణానికీ కింది చివర నూగులాంటి సన్నని తంతువులు, అవి జిగురులో తేలుతూ ఉంటాయి. పై చివర నుంచి ఒక నరపు పోగు బయలుదేరి, జల్లెడలా చిల్లులున్న ఒక ఎముక గుండా నేరుగా మెదడు అడుగుభాగానికి చేరుతుంది. బయటి గాలికి ఇంత దగ్గరగా ఉండే నాడీకణాలు మన ఒంట్లో మరెక్కడా లేవు.

అంత బయటపడి ఉంటే దెబ్బ తినక తప్పదు. అందుకే ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. ఆ పొర అడుగున మూలకణాలు ఉండి, చచ్చిపోయిన నాడీకణాల స్థానంలో కొత్తవాటిని తయారు చేస్తూ ఉంటాయి. గుండె కండరం ఒకసారి చచ్చిపోతే దాదాపు అంతే సంగతులు. ముక్కు అలా కాదు. ఈ ఒక్క వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఏడు కుట్లు

వాసన అంటే గాలిలో తేలివచ్చే అణువులు. అవి నాడీకణాన్ని ఎలా తట్టిలేపుతాయన్నది 1991 వరకు పెద్ద మిస్టరీ. ఆ ఏడాది న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో రిచర్డ్ ఆక్సెల్, ఆయన ప్రయోగశాలలో పనిచేస్తున్న లిండా బక్ ఎలుకల ముక్కుల్లో ఒక పెద్ద జన్యు కుటుంబాన్ని పట్టుకున్నారు. ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లే వాసన రిసెప్టర్లు. తెలుగులో గ్రాహకాలు అనుకుందాం. 2004లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మనిషి శరీరంలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు మొత్తం సుమారు 20,000. అందులో దాదాపు 400 కేవలం ఈ వాసన గ్రాహకాల కోసమే. రంగులన్నీ చూడటానికి కంటికి మూడు రకాల గ్రాహకాలు సరిపోతే, ముక్కుకి 400 రకాలు!

వీటి నిర్మాణం చూడండి. ఒక్కో గ్రాహకం మూడు వందల పైచిలుకు అమైనో ఆమ్లాల దండ. గుడ్డకి సూదీదారంతో పైకీ కిందకీ కుట్లు వేసినట్టు, ఈ దండ కణం పైపొరలోంచి ఏడుసార్లు అటూ ఇటూ దూరుతుంది. ఆ ఏడు కుట్ల మధ్య ఒక చిన్న జేబు. వాసన అణువు వచ్చి కూర్చునేది ఆ జేబులోనే. నాకిది పాత చుట్టరికం. గుండె వేగాన్ని తగ్గించడానికి నేను రోజూ రాసే బీటా బ్లాకర్ మాత్రలు పనిచేసేది ఇదే ఏడు కుట్ల వంశానికి చెందిన గ్రాహకాల మీద. కంటిలో వెలుగుని పట్టే రొడాప్సిన్ కూడా ఈ వంశమే. ఇన్నేళ్లూ ముక్కుతో నాకు పని లేదనుకున్నాను గానీ, మా ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు.

మనిషి వాసన గ్రాహకం జేబులో అణువు కూర్చున్న తీరుని శాస్త్రజ్ఞులు మొదటిసారి స్పష్టంగా చూసింది మాత్రం 2023లోనే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, నార్త్ కరోలైనాలోని డ్యూక్ యూనివర్సిటీ బృందాలు కలిసి, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఓఆర్51ఈ2 అనే గ్రాహకాన్ని చూశాయి. దాని జేబులో ఉన్నది ప్రొపియొనేట్, స్విస్ చీజ్ ఘాటులో పాలుపంచుకునే పదార్థం. అణువు లోపలికి వెళ్లగానే జేబు మూసుకుంటుంది, గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది.

ఆ కొద్ది మార్పుతోనే పని మొదలవుతుంది. గ్రాహకానికి లోపలి వైపు ఉన్న జి ప్రొటీన్ మేలుకొని ఒక ఎంజైముని కదిలిస్తుంది. ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే కబురు అణువుల్ని పెద్ద ఎత్తున తయారు చేస్తుంది. అవి వెళ్లి కణం గోడలోని ద్వారాలు తెరుస్తాయి. సోడియం, కాల్షియం లోపలికి దూసుకొస్తాయి. విద్యుత్ సంకేతం పుట్టి మెదడుకి బయలుదేరుతుంది. పోపు చిటపటలాడటానికీ, "ఎవరింట్లోనో పులిహోర చేస్తున్నారు" అని మనం అనుకోవడానికీ మధ్య జరిగేది ఇంత.

వాసనల వర్ణమాల

మరి నాలుగు వందల గ్రాహకాలతో అన్ని వేల వాసనలు ఎలా తెలుస్తాయి? ఒక్కో నాడీకణం సాధారణంగా ఒకే రకం గ్రాహకాన్ని ధరిస్తుంది. కానీ ఒక వాసన అణువు అనేక గ్రాహకాల్ని తట్టగలదు. ఒక గ్రాహకం అనేక అణువులకి పలకగలదు. లిండా బక్ బృందం 1999లో దీన్ని చూపించింది. మనకి యాభయ్యారు అక్షరాలే ఉన్నా వాటి కూర్పుతో మాటలకి కొదవ లేనట్టే ఇదీను. ఒక్కో వాసనకి ఒక్కో గ్రాహకాల కూర్పు.

మోతాదు మారితే కూర్పూ మారవచ్చు. మల్లెపూల పరిమళంలో ఇండోల్ అనే పదార్థం కొంచెం ఉంటుంది. దాన్నే చిక్కగా వాసన చూస్తే మలం కంపు గుర్తొస్తుంది. మల్లెపూలలో ఉన్నంత వరకే అది మల్లె.

ఒకే రకం గ్రాహకం ఉన్న కణాలు ముక్కులో చెల్లాచెదురుగా ఉన్నా, వాటి నరాలన్నీ మెదడు ముందుభాగంలో అవే కొన్ని చిన్న ఉండల దగ్గరికి చేరుకుంటాయి. అక్కడి నుంచి సంకేతం ఉద్వేగాలకీ జ్ఞాపకాలకీ సంబంధించిన భాగాలకి దగ్గరి దారిన వెళుతుంది. చూపు, వినికిడి ముందుగా థాలమస్ అనే కూడలి దాటి రావాలి. వాసనకి ఆ ఆలస్యం లేదు. ఎప్పుడో నలభై ఏళ్ల కిందటి కిరోసిన్ స్టవ్ వాసన తగలగానే, మాట కంటే ముందు అమ్మమ్మగారి వంటిల్లు కళ్లకి కట్టడంలో దీని పాత్ర ఉంది.

కొత్తిమీర తగాదా

నాతో పనిచేసే ఒక అమెరికన్ నర్సు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా కొత్తిమీర ఏరి పక్కన పెడుతుంది. సబ్బు నమిలినట్టుంటుందట. మొదట్లో మర్యాద తెలియని మనిషి అనుకున్నాం. తప్పు ఆమెది కాదు. కొత్తిమీర వాసనలో ఆల్డిహైడ్లనే పదార్థాలు ప్రధానం, సబ్బుల్లోనూ అలాంటివి ఉంటాయి. 2012లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, కొత్తిమీర సబ్బులా అనిపించడానికీ, ఓఆర్6ఏ2 అనే వాసన గ్రాహకపు జన్యువు దగ్గరి చిన్న తేడాకీ సంబంధం కనిపించింది. జన్యువు ఒక్కటే కారణం కాదు, అలవాటు పాత్రా పెద్దదే. దక్షిణాసియా మూలాలున్నవారిలో కొత్తిమీర గిట్టనివారు చాలా తక్కువ.

ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా, వారి గ్రాహక జన్యువుల్లో సుమారు మూడో వంతు పనితీరులో తేడాగా ఉంటాయని 2014లో తేలింది. కాబట్టి ఒకే వంట గదిలో నిలబడినా ఏ ఇద్దరి ముక్కులూ ఒకటి కావు. అత్తాకోడళ్ల వంటింటి తగాదాల్లో ఎన్నిటికి ఇది మూలమో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

అటక మీది సామాను

మన భాషలో వాసన అన్న మాటకి రెండో అర్థం ఉంది. పూర్వజన్మ వాసన అంటాం. వెనకటి జన్మ నుంచి వెంట వచ్చిన సంస్కారం. జన్యుశాస్త్రం చదువుతుంటే ఈ మాట ఇంత చక్కగా అమరుతుందని అనుకోలేదు.

మన క్రోమోజోముల్లో వాసన గ్రాహక జన్యువులు నిజానికి ఎనిమిది వందలకి పైగానే ఉన్నాయి. అందులో సగానికి పైగా పనిచేయవు. మధ్యలో ఒక అక్షరం పోయో, ముందుగానే పూర్ణవిరామం పడిపోయో శిథిలమయ్యాయి. అయినా తరతరాలుగా నకలు అవుతూనే ఉన్నాయి. పాత ఇంటి అటక మీద తాతగారి నాటి తాళాలు తుప్పుపట్టి పడి ఉన్నట్టు.

వీటి కథ చేపలతో మొదలవుతుంది. నీటిలో కరిగిన వాసనలు పట్టడానికి చేపల్లో సాధారణంగా ఓ వంద గ్రాహక జన్యువులు ఉంటాయి. జీవులు నేల మీదికి వచ్చాక గాలిలో తేలే వాసనల ప్రపంచం తెరుచుకుంది. జన్యువు నకలు తీసేటప్పుడు ఒక్కోసారి ఒకటికి రెండు పడతాయి. రెండోది మెల్లగా మారి కొత్త వాసన పట్టడం నేర్చుకుంటుంది. పనికొస్తే నిలుస్తుంది, లేకపోతే శిథిలమవుతుంది. ఇలా పుట్టుతూ గిట్టుతూ కుటుంబం పెరిగింది. మన పదకొండో క్రోమోజోమ్ మీద వందలకొద్దీ గ్రాహక జన్యువులు ఇరుగుపొరుగుగా గుంపులు కట్టి ఉండటం ఈ చరిత్రకి సాక్ష్యం. అక్కడ చేపల నాటి పాత శాఖకి చెందినవి కూడా ఉన్నాయి. 2023లో చూసిన ఓఆర్51ఈ2 ఆ పాత శాఖదే.

ఏ జీవికి ఎన్ని అన్నది దాని బతుకుని బట్టి. ఎలుకకి వెయ్యికి పైగా, కుక్కకి దాదాపు ఎనిమిది వందలు, ఆఫ్రికా ఏనుగుకి ఇంచుమించు రెండు వేలు పనిచేసే గ్రాహక జన్యువులు ఉన్నాయి. తిరిగి నీటికి వెళ్లిపోయిన డాల్ఫిన్లలో దాదాపు అన్నీ శిథిలమే. మన పూర్వీకులైన కోతుల వంశంలో చూపుకి ప్రాధాన్యం పెరిగిన కొద్దీ ముక్కు గ్రాహకాలు క్రమంగా తగ్గాయి. ఇది మనిషి నాగరికుడైనందువల్ల వచ్చిన నష్టం కాదు. చింపాంజీకి కూడా ఇంచుమించు మనకున్నన్నే ఉన్నాయి.

మట్టి వాసన

అలాగని మన ముక్కుని తక్కువ చేయనక్కరలేదు. మనిషి ఘ్రాణశక్తి నాసిరకమన్న అభిప్రాయం పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా వంటివారి నుంచి వచ్చింది. మెదడులో ఆ భాగం మిగతా మెదడుతో పోలిస్తే చిన్నదిగా ఉందన్నది వారి వాదన. రట్గర్స్ యూనివర్సిటీకి చెందిన జాన్ మెక్‌గాన్ 2017లో ఇది అపోహేనని వివరంగా రాశారు. 2007లో వెలువడిన బర్కిలీ ప్రయోగంలో కొందరు కళ్లకి గంతలు కట్టుకుని, చేతులూ మోకాళ్ల మీద పాకుతూ, గడ్డి మీద గీసిన చాక్లెట్ వాసన గీతని ముక్కుతో వెతుక్కుంటూ వెళ్లగలిగారు.

ఇంతకంటే మంచి ఉదాహరణ మనందరికీ తెలిసినదే. తొలకరి చినుకులకి లేచే మట్టి వాసన. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. నీటిలో లక్ష కోట్ల భాగాలకి పది భాగాలున్నా చాలు, చాలామంది ముక్కులు పసిగడతాయి. దాన్ని పట్టే మన గ్రాహకం ఓఆర్11ఏ1 అని 2024లో జర్మనీ శాస్త్రజ్ఞులు గుర్తించారు. తర్కసంగ్రహం రాసిన మన తెలుగు పండితుడు అన్నంభట్టు గంధాన్ని పృథివికి లక్షణంగా చెప్పాడు. ఆయన దృష్టి వేరు, ప్రయోగశాల దృష్టి వేరు. అయినా చిన్నప్పుడు విన్న ఆ మాట ఇది చదువుతుంటే గుర్తొచ్చింది.

అగ్గిపెట్టె

మళ్లీ అమ్మ దగ్గరికి వస్తాను. విషయం తెలిశాక గానీ అంతకు మూడు వారాల ముందు జరిగిన ఒక సంగతికి అర్థం తెలియలేదు. ఒక మధ్యాహ్నం గ్యాస్ స్టవ్ మీట సరిగా కట్టలేదు. అమ్మ ఆ వంటింట్లోనే దేవుడి అలమర ముందు దీపం పెట్టడానికి అగ్గిపెట్టె తీసింది. అప్పుడే స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలోంచి "నానమ్మా, ఆగు!" అని అరిచింది. అమ్మది పరధ్యానం అనుకున్నాం, అంతే.

సహజవాయువుకి స్వతహాగా వాసన లేదు. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో వాసన లేని గ్యాస్ పేలి మూడు వందల మంది దాకా, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఆ తరువాతే గ్యాస్‌లో కుళ్లు కంపు కొట్టే గంధకపు పదార్థాలు కలపడం తప్పనిసరి అయింది. ఇలాంటి కంపుల్ని పట్టే ఓఆర్2టీ11 అనే గ్రాహకం అతి కొద్ది రాగి సాయంతో పనిచేస్తుందని 2016లో తేలింది. ఎంత తెలివైన ఏర్పాటైనా, ముక్కు పనిచేస్తేనే కదా.

కోవిడ్ చేసిన నష్టం గురించి 2020లో ఒక మంచి విషయం బయటపడింది. వైరస్ ప్రధానంగా పట్టుకునేది నాడీకణాల్ని కాదు, వాటికి ఆసరాగా ఉండే పక్క కణాల్ని. అందుకే చాలామందికి వారాల్లోనే వాసన తిరిగొచ్చింది. కొందరికి మాత్రం నెలలు, ఏళ్లు పట్టింది. తిరిగి వచ్చేటప్పుడు కొన్ని వాసనలు వంకరగా వస్తాయి. కాఫీ వీటిలో ముఖ్యమైనది. అమ్మ చెప్పిన కాలిన రబ్బరు అదే.

దీనికి గట్టి మందు లేదు గానీ ఒక అభ్యాసం ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమెల్ బృందం 2009లో ప్రకటించింది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం ఈ నాలుగు వాసనల్ని పొద్దునా సాయంత్రం కొద్ది సెకన్లపాటు శ్రద్ధగా చూడాలి. కనీసం పన్నెండు వారాలు. అందరికీ గుణం కనిపించదు, కొందరికి కనిపిస్తుంది, ఖర్చు దాదాపు లేదు. మా సహోద్యోగి అయిన ముక్కు డాక్టరు అమ్మని పరీక్షించి, వేరే కారణమేదీ లేదని చూసి, ఇదే చెప్పారు.

గులాబీ అత్తరు, నీలగిరి తైలం, నిమ్మతొక్క, లవంగాలు. నాలుగు సీసాలూ మా ఆవిడే సర్దింది. రోజూ రెండుపూటలా అత్తాకోడళ్లిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. అమ్మ విసుక్కునేది, మా ఆవిడ వదిలేది కాదు. జూన్‌లో ఒక ఉదయం మేమంతా టీవీ ముందు ఉండగా, పక్కగదిలోంచి అమ్మ కేకేసింది. "పాలు అడుగంటుతున్నాయి, ఎవరికీ పట్టదా?" మా ఆవిడ పరిగెత్తింది పాల దగ్గరికి కాదు, అమ్మ దగ్గరికి. ఆ పూట కాఫీ లేదు.

అమ్మకి అంతా తిరిగి రాలేదు. కొత్తిమీర ఇప్పటికీ తెలియదు. మామిడికాయ తెలుస్తుంది.

చివరగా ఒక మనవి. ఎనభై దాటినవారిలో సగానికి పైగా ఘ్రాణశక్తి బాగా తగ్గుతుంది. చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. పార్కిన్సన్ వ్యాధిలో వణుకు కంటే ఏళ్ల ముందే వాసన తగ్గడం మామూలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వంట రుచి లేదన్నా, తిండి తగ్గించినా, ఉప్పు ఎక్కువ వేసుకుంటున్నా, దయచేసి నాలాగా చాదస్తమనుకోకండి. కళ్లు మూసుకోమని కాఫీ పొడి వాసన చూపించండి. తేడా ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వంటింట్లో గ్యాస్ పసిగట్టే అలారం పెట్టించండి, అది పొగ అలారం కంటే వేరు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇండియా ఇళ్లలో కూడా.

ఈ ఉగాదికి పచ్చడి చేతిలో పెట్టినప్పుడు, ఎలా ఉందని మాత్రమే కాదు, మామిడికాయ వాసన తెలుస్తోందా అని కూడా అడగండి.